నాన్న చెవులకు చిప్పలు

మొన్న మా చెల్లెలి కూతురు ఫోనులో ఐదారు బొమ్మలు పంపి, వీటిలో ఏ హెడ్‌ఫోన్లు కొనుక్కోమంటావు పెద్దమ్మా, ఇంట్లో పని చేసుకునేటప్పుడూ పనికిరావాలి, రైల్లో వెళ్ళేటప్పుడూ పనికిరావాలి అని అడిగింది. ఈ వయసులో నన్ను అడగడమేమిటని మీరు నవ్వుకుంటారేమో గాని, మా బంధువుల్లో ఈ ఒక్క వస్తువు విషయంలో సలహా చెప్పే అధికారం నాకే ఉందని పిల్లలందరూ ఒప్పుకుంటారు. కళ్ళజోడు పెట్టుకుని ఆ బొమ్మల కింద రాసిందంతా చదివాను. పెట్టుకోగానే బయటి చప్పుడు మొత్తం ఆగిపోతుందట, పక్కనున్న మనిషి పిలిచినా వినపడదట, అదే వాటి గొప్పట. డబ్బిచ్చి చెవుడు కొనుక్కునే రోజులొచ్చాయన్నమాట అనుకున్నాను. ఇంకో జత కింద, పెట్టుకున్నట్టు ఎవరికీ తెలియదు అని రాసి ఉంది. అది చూసేసరికి నాకు ఒళ్ళు మండింది. ఎవరికీ తెలియకుండా పెట్టుకోవడం దేనికమ్మా, నువ్వేమైనా దొంగతనం చేస్తున్నావా, చెవి మొత్తం కప్పేవి, మెత్తగా ఉండేవి, నలుగురికీ కనపడేవి కొనుక్కో అని జవాబు పంపాను. పిల్ల సరేనంది. నాకే ఆ పూట వంట మీద మనసు నిలవలేదు.

మాది మార్టూరుకు దగ్గర్లోని ఒక పల్లె. అప్పట్లో ఊరిచుట్టూ పత్తి, మిరపే. మిరపకాయ ఎండబోసే రోజుల్లో ఊరంతా దగ్గుతూనే మాట్లాడుకునేది. కొత్తగా వచ్చిన చుట్టాలు మాత్రం కళ్ళు తుడుచుకుంటూ, మీరెట్లా ఉంటున్నారమ్మా ఇక్కడ అని అడిగేవారు. నాన్న వయసులో ఉన్నప్పుడు ఆ చేలల్లోనే కూలికి వెళ్ళేవాడు. తర్వాత మార్టూరు వైపు రాయి కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు లేచాక, వాన పడినా పడకపోయినా పని ఉంటుందన్న ఆశతో అందులో చేరాడు. ఒకసారి అన్నం క్యారియరు ఇవ్వడానికి నేను ఆ షెడ్డు దాకా వెళ్ళాను. రంపం రాతిలో దిగుతుంటే ఆ చప్పుడు చెవులతో వినేది కాదు, పళ్ళ మూలాల్లోకి దిగేది. నాన్న ఆ పక్కనే నిలబడి, నీళ్ళు కొడుతూ, నన్ను చూసి నవ్వాడు. ఏదో అన్నాడు కూడా. ఏమన్నాడో నాకు వినపడలేదు.

కాని మా ఊళ్ళో నాన్నకు గుర్తింపు ఆ పని వల్ల వచ్చింది కాదు. ఆయన మా చర్చిలో పాటలెత్తే మనిషి. దానికి జీతం లేదు, అది పదవీ కాదు. ఆయనకు ముందు మా తాత ఎత్తేవాడట. మా సంఘంలో సగం మందికి, ముఖ్యంగా ఆడవాళ్ళకు, చదువు రాదు. పాటల పుస్తకం వాళ్ళకు ఒడిలో పెట్టుకునే వస్తువే తప్ప చదువుకునేది కాదు. నాన్న ఒక పాదం ఎత్తి, చివర కాస్త సాగదీసి, ఆ సాగదీతలోనే తర్వాతి పాదంలోని మొదటి మాట అందించేవాడు. పొద్దంతా మిరపచేలో వంగి వంగి నడుములు పోయిన ఆడవాళ్ళు, ఆ మాట అందుకుని లేచి నిలబడి పాడేవాళ్ళు. అలా నాన్న గొంతులోంచి వాళ్ళ నోళ్ళలోకి వెళ్ళిన పాటలు ఎన్నో.

చెవుడు ఒక్కరోజులో రాలేదు. ముందు పిట్టల అరుపులు పోయాయి. తర్వాత పోయింది మా అమ్మ గొంతు. అమ్మది సన్నటి, పదునైన గొంతు. అది వినపడకపోవడం దేవుడు చేసిన మేలని వీధిలో వాళ్ళు వేళాకోళమాడేవారు. మెల్లగా మగవాళ్ళ మాటలూ మసకబారాయి. ఇంట్లో మేమంతా అరుచుకుంటూ బతికేవాళ్ళం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అన్న సామెతను మా వీధిలో నాన్న ఎదురుగానే, నాన్నను చూపించి అనేవారు. ఆయనేమో తననెవరో పలకరిస్తున్నారనుకుని నవ్వి తల ఊపేవాడు. నాకు అన్నిటికంటే కడుపు మండింది ఆ తల ఊపడం చూస్తేనే. మనిషి ముందు నిలబడి, ఆ మనిషి గురించే, వాడు లేనట్టుగా మాట్లాడుకోవడానికి జనానికి ఎంత తేలికగా అలవాటవుతుందో అప్పుడే తెలుసుకున్నాను.

చర్చిలో మాత్రం నాన్న ఇంకా నెట్టుకొస్తూనే ఉన్నాడు. హార్మోనియం పెట్టె మీద అరచెయ్యి ఆనించి, ఆ అదురును బట్టి శ్రుతి పట్టుకునేవాడు. కాని ఒక్కోసారి గొంతు ఎటో జారిపోయేది. అందరూ పాట ముగించి కూర్చున్నాక కూడా కళ్ళు మూసుకుని మరో చరణం పాడుతూనే ఉండేవాడు. పిల్లలు కిసుక్కున నవ్వేవారు. మా పెదనాన్న సంఘ పెద్ద. నాన్నకు సొంత అన్న. చెడ్డవాడు కాదు, కాని పరువంటే ప్రాణం. ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని, వచ్చే ఆదివారం నుంచి తన అల్లుడు పాటలెత్తుతాడని, నువ్వు ఇక విశ్రాంతి తీసుకోమని మెల్లగా, మర్యాదగా నాన్నతో చెప్పి వెళ్ళాడట. నాన్న తల ఊపాడట. పొయ్యి దగ్గరున్న అమ్మ అంతా విన్నది. నాన్నకు వినపడలేదని ఆమెకు తెలుసు. ఆ మాట మళ్ళీ అరిచి చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

ఆ ఆదివారం నాన్న ఎప్పటిలాగే ఉతికిన పంచె కట్టుకుని, నూనె రాసి తల దువ్వుకుని ముందుకు నడిచాడు. హార్మోనియం పక్కన మా పెదనాన్న అల్లుడు పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాడు. కుర్రవాడు నేర్చుకుందామని వచ్చాడనుకున్నాడు కాబోలు, నాన్న అతని భుజం మీద ప్రేమగా చెయ్యి వేసి, తన పాట తాను ఎత్తుకున్నాడు. అతను తన పాట తాను ఎత్తుకున్నాడు. ఒకే చర్చిలో రెండు పాటలు. ఆడవాళ్ళు ఏది అందుకోవాలో తెలియక ఒక్కొక్కరే ఆగిపోయారు. పెదనాన్న లేచి వచ్చి, నాన్న మణికట్టు పట్టుకుని, వాకిలి పక్కన ఆఖరి బల్ల దాకా నడిపించి కూర్చోబెట్టాడు. చర్చి అంతా నిశ్శబ్దమైపోయిన ఆ క్షణంలో నాన్న నా వైపు తిరిగి, తన గొంతు ఎంత పెద్దగా ఉందో తెలియక, అందరికీ వినపడేటట్టు అడిగాడు.

"ఏమైందే అమ్మాయ్? నేనేం తప్పు పాడాను?"

నాకు ఏడుపు రాలేదు. కోపమొచ్చింది. అప్పటికి నాకు చిలకలూరిపేటలో టీచరు ఉద్యోగం వచ్చి ఎన్నో నెలలు కాలేదు. సొంత జీతం ఉన్న ఆడపిల్లకు వచ్చే కోపం వేరుగా ఉంటుంది.

వేసవి సెలవులు ఇవ్వగానే నాన్నను గుంటూరు తీసుకువెళ్ళి చెవుల డాక్టరుకు చూపించాను. చప్పుడుకు నరం దెబ్బతిన్నదని, ఇక బాగుపడదని ఆయన చెప్పాడు. చొక్కా లోపల దాచుకునే చిన్న డబ్బా, దాని నుంచి చెవిలోకి సన్నటి తీగ, అలాంటి మిషను ఒకటి తగిలించి చూశాడు. ఎవరికీ కనపడదు లెండి అని ఆయనా అన్నాడు. నాన్న మొహం చిట్లించి, కీచుమంటంది, చెవిలో కీచురాయి దూరినట్టుందని తీసేశాడు. ఇద్దరం రోడ్డెక్కాము.

నాకు ఆ రోజు గుంటూరులో ఇంకో పని కూడా ఉంది. ఆ ఏడాదే నేను ఒక టేప్‌రికార్డరు కొన్నాను, ఇటుక మాదిరి పొడుగ్గా, పైన పట్టుకోవడానికి పిడి ఉండే రకం. దాంతో వచ్చిన చిక్కేమిటంటే, మాది ఒకే గది ఇల్లు. నేను మీట నొక్కగానే అమ్మ ప్రసంగం పెట్టమనేది, చెల్లి ఇంకేదో పెట్టమనేది, పక్కింటివాళ్ళు పీటలు పట్టుకుని వచ్చి కూర్చునేవారు. ఒక ఆడపిల్ల తనకు నచ్చిన పాట తానొక్కతే వినాలనుకోవడం ఆ రోజుల్లో పొగరు కింద లెక్క. ఆ పొగరేదో నాకు కావాలనిపించింది. ఇంట్లోనూ, రోజూ మద్రాసు రోడ్డు మీద నేను వెళ్ళే బస్సులోనూ పెట్టుకోవడానికి హెడ్‌ఫోన్లు కొనుక్కుందామని, సరిపోతాయో లేదో చూసుకోవడానికి ఆ రికార్డరును సంచిలో పెట్టుకునే బయలుదేరాను.

షాపతను రెండు రకాలు గాజు బల్ల మీద పెట్టాడు. ఒకటి చిన్నది, సన్నటి రేకు పట్టీ, చెవుల దగ్గర నారింజ రంగు స్పాంజి బిళ్ళలు. మడిచి చేతిసంచిలో వేసుకోవచ్చు. రెండోది నల్లటిది, బరువైనది, చెవిని మొత్తం మూసేసే రెండు పెద్ద చిప్పలు, మెలికలు తిరిగిన లావుపాటి తీగ. నేను కొనదలచుకున్నది చిన్నదే. అతను వాటిని తన దగ్గరున్న పెద్ద టేపుకు తగిలించి ఏదో సన్నాయి వాయిద్యం పెట్టాడు. నేను విని, తమాషాకు నాన్న చెవులకు పెట్టాను. ఆయన కాసేపు చూసి తల అడ్డంగా ఊపాడు. తీసేసి, తనే చెయ్యి చాపి ఆ నల్లవాటిని తీసుకుని పెట్టుకున్నాడు. షాపతను వాటి తీగను టేపుకు తగిలించాడు.

ఆ తర్వాత నేను చూసింది ఎట్లా చెప్పాలో ఇప్పటికీ నాకు సరిగా తెలియదు. మొదట ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. రెండు చేతులతో ఆ చిప్పలను చెవులకు అదుముకున్నాడు. నేను చప్పుడు పెంచమని అతనికి సైగ చేశాను. నాన్న పెదవులు కదిలాయి, గొంతు సవరించుకున్నాడు, ఆ సన్నాయితో కలిపి రాగం తీయడం మొదలుపెట్టాడు. ఎక్కడా జారలేదు. ఎన్నేళ్ళయిందో నేను ఆ గొంతును శ్రుతిలో విని. షాపులో బేరాలాడుతున్నవాళ్ళు ఆగి చూశారు. షాపతను కంగారుపడి, మీ నాన్నగారిని కాస్త మెల్లగా పాడమనండమ్మా, రోడ్డు మీద జనం మూగుతున్నారు అన్నాడు.

"పాడనివ్వండి. మూగితే మీ వ్యాపారానికే మంచిది" అన్నాను.

పాట అయ్యాక అతను మాకు మంచి మాటే చెప్పాడు. ఇవి ఇంట్లో కూర్చుని వినేవాళ్ళవని, ప్రయాణానికి బరువని, బస్సులో ఇంతింత చిప్పలు పెట్టుకుంటే జనం నవ్వుతారని అన్నాడు. ఆ ఆఖరి మాట నాన్నకు చేతులతో అభినయించి మరీ చెప్పాడు. నాన్నకు అర్థమైంది.

"నవ్వితే నవ్వనీయండి" అన్నాడు. "పాట వినపడుద్దిగా నాకు."

ఇంక నేను చిన్నవాటి వైపు చూడలేదు. అతను పిన్ను మార్చి, మా రికార్డరుకు సరిపడేటట్టు చేసి ఇచ్చాడు. రెండు చిప్పల్లోనూ మోగేటట్టు అతికించి ఇచ్చినందుకు అతనికి ఇప్పటికీ దండం పెడతాను.

అసలు సంగతి ఇంటికి వచ్చాక తెలిసింది. నాన్న పాడింది రికార్డు చేసి ఆయనకే వినిపిద్దామని, హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు ఉండగానే రికార్డు చేసే ఎర్రమీట నొక్కాను. అందులో చిన్న మైకు ఉంటుంది కదా, గదిలో ఏ చప్పుడైనా ఆ మైకులోంచి తిన్నగా చెవుల్లోకి వస్తుందని నాకప్పటికి తెలియదు. అమ్మ పొయ్యి దగ్గర వంకాయలు తరుగుతూ, ఎప్పటిలాగే, ఆయనకెటూ వినపడదన్న ధైర్యంతో సణుగుతోంది.

"పిల్లకైతే బుద్ధి లేదు, ఈయనకేమైంది? కొబ్బరి చిప్పలు బోర్లించుకున్న కోతిలాగా ఉండాడు."

"ఎవర్నే కోతి అంటన్నావు?" అన్నాడు నాన్న.

అమ్మ చేతిలోని వంకాయ జారి బూడిదలో పడింది. ఆమె నాన్నను చూసింది, నన్ను చూసింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళుగా ఆయన ఎదుట తాను అన్న మాటలన్నీ ఆమెకు ఒక్కసారి గుర్తొచ్చాయేమో, మొహం ఎర్రబడింది. తర్వాత మెల్లగా లేచి వచ్చి, ఆ రికార్డరు ముందు గొంతుక్కూర్చుని, దానికేసి వంగి, కొత్త పెళ్ళికూతురులా సిగ్గుపడుతూ అడిగింది.

"ఏమయ్యా, అన్నం తింటావా?"

"తింటానే."

"వంకాయ కూర చాలా, పచ్చడి కూడా నూరమంటావా?"

"నూరు."

"వినపడతందా?"

"వినపడతంది లేవే, అరవమాక."

అరవమాక అన్న మాట మా ఇంట్లో విని ఎన్నాళ్ళయిందో. ఆ పూట అమ్మ అన్నం వడ్డిస్తూ అవసరం లేని ప్రశ్నలన్నీ అడిగింది. ఆయన అన్నిటికీ జవాబు చెప్పాడు.

ఆ రోజు నుంచి నాన్న చంకలో రికార్డరు, చెవులకు చిప్పలు. ఫ్యాక్టరీలోకి మాత్రం అవి వెళ్ళలేదు. అక్కడ ఆయన పత్తి ఉండలు చేసి చెవుల్లో కుక్కుకోవడం మొదలుపెట్టాడు, కొత్తగా చేరినవాళ్ళ చెవుల్లోనూ దగ్గరుండి కుక్కించాడు. మేస్త్రీ చెప్పింది వినపడదని మేనేజరు కోప్పడితే, ఇప్పుడు వినపడకపోతే ఒక పూట, తర్వాత వినపడకపోతే బతుకంతా అని తెగేసి చెప్పాడట. బస్సులో సంగతి నేను కళ్ళారా చూశాను. ఒకాయన వెనక సీట్లోంచి, ఏందయ్యా, టెలిఫోను ఆఫీసు నెత్తిన పెట్టుకుని తిరుగుతన్నావా అని ఎగతాళి చేశాడు. నాన్న నింపాదిగా వెనక్కి తిరిగి, రికార్డరును అతని మొహం ముందు పెట్టి, "ఏదీ, ఇంకోసారి చెప్పు" అన్నాడు. నొక్కి ఉన్న ఎర్రమీటను చూసి అతను మళ్ళీ నోరు తెరవలేదు. నిజానికి టేపు తిరగదు; ఎర్రమీటతో పాటు టేపును కాసేపు నిలిపే పాజ్ మీట కూడా నొక్కి ఉంచితే మాటలు చెవుల్లోకి వస్తాయి గాని రికార్డు కావు. ఆ సంగతి నాకూ నాన్నకూ తెలుసు. ఇంకెవరికీ చెప్పవలసిన అవసరం మాకు కనపడలేదు.

చర్చిలో ఆఖరి బల్ల మీద ఆ చిప్పలతో కూర్చోవడం మొదలుపెట్టిన కొన్ని వారాలకు, ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు నాన్నను ఉండమన్నారు. పాస్టరుగారిని మేము అయ్యగారనేవాళ్ళం. ఆయన, పెదనాన్న, మరో ఇద్దరు బల్లకు అటువైపు. ఇటువైపు నాన్న, పక్కన నేను.

"ఒరేయ్, దేవుడి గుళ్ళో ఏందిరా ఆ వేషం?" అన్నాడు పెదనాన్న. "ఇది గుడా, సినిమాహాలా? నలుగురూ నవ్వుతన్నారు."

"అన్నా, కొంచెం ఇటు జరిగి మాట్లాడు" అని నాన్న రికార్డరును ఆయన ముందుకు తోశాడు.

పెదనాన్న ఎర్రమీట చూశాడు. "అది రికార్డవుతందా?"

"మాట అన్నాక నిలబడాలిగా అన్నా."

బల్లకు అటువైపు నలుగురూ సర్దుకుని కూర్చున్నారు. అంతకు ముందు ఇదే మనిషి ఎదురుగా, ఇదే మనిషిని గురించి నోటికొచ్చినట్టు మాట్లాడినవాళ్ళే, ఇప్పుడు మాటలు వెతుక్కుంటున్నారు. పెదనాన్నే మళ్ళీ గొంతు తగ్గించి అన్నాడు.

"చెవులు పోయినోడు పాట ఎట్టా ఎత్తుతాడురా? కళ్ళు లేనోడు బండి తోలితే ఊరుకుంటామా?"

"కళ్ళు తగ్గాక నువ్వు అద్దాలు పెట్టుకోలా? ఆ అద్దాల్తోనేగా గుళ్ళో బైబిలు చదివేది? నువ్వు అవి తీసెయ్యి అన్నా, నేను ఇవి తీసేస్తా."

పెదనాన్న చెయ్యి తెలియకుండానే కళ్ళజోడు మీదికి వెళ్ళింది. అయ్యగారు మంచివాడే గాని మెత్తటి మనిషి. ఈ విషయం ప్రార్థనలో పెడదామని ముగించాడు. ప్రార్థనలో పెట్టడమంటే చెరువులో రాయి వేయడమేనని మా అందరికీ తెలుసు. ఇంటికి వచ్చాక అమ్మ కూడా, ఎందుకొచ్చిన గొడవయ్యా, అన్నదమ్ములు విడిపోతే ఊరు నవ్వుతుంది, వెనక బల్ల మీదే కూర్చుని పాడుకో అని బతిమాలింది. నాన్న ఆమెకేమీ జవాబు చెప్పలేదు. వినపడక కాదు.

కోతల పండగ వచ్చింది. మిరప, పత్తి చేతికొచ్చాక మా సంఘంలో చేసుకునే పండగ అది. ఎవరికి పండింది వాళ్ళు, కూలివాళ్ళయితే తమకు వచ్చిన దాంట్లో ఇంత, తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆ ఏడు బలిపీఠం ముందు ఎర్రటి మిరప బుట్టలు, తెల్లటి పత్తి మూటలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, మా వీధి ముసలమ్మ తెచ్చిన మేకపిల్ల. మిరప ఘాటుకు చర్చంతా దగ్గులు. పెదనాన్న అల్లుడు పుస్తకం తెరిచాడు. చదువుకున్న కుర్రాడు, గొంతూ బాగుంటుంది, కాని పుస్తకంలోంచి గబగబా చదువుకుంటూ పోయేవాడు. తర్వాతి మాట అందించాలన్న సంగతి అతనికి తట్టేది కాదు. నాన్న పక్కకు తప్పుకున్నప్పటి నుంచి మా ఆడవాళ్ళ బల్లల్లో పాట సన్నగిల్లిపోయింది. కొందరు ఊరికే పెదవులు కదిపి కూర్చునేవాళ్ళు.

అతను ఇంకా ఎత్తుకోకముందే ఆఖరి బల్ల నుంచి నాన్న లేచాడు. చెవులకు చిప్పలు, చేతిలో రికార్డరు. నడవ మధ్యలోంచి నడిచి వెళ్ళి రికార్డరును హార్మోనియం పక్కన పెట్టాడు. కుర్రవాడు ఏమనుకున్నాడో, ఒక అడుగు పక్కకు జరిగాడు. పెదనాన్న మాత్రం విసురుగా లేచి వచ్చి, ఆ మెలికల తీగను గుప్పిట పట్టుకున్నాడు. లాగితే చాలు, నాన్న మళ్ళీ చీకట్లో పడతాడు. నేను లేవబోయాను. నాకంటే ముందు అమ్మ లేచింది.

నాకు ఊహ తెలిశాక అమ్మ ఎన్నడూ మా పెదనాన్న ఎదుట నిలబడి మాట్లాడలేదు. ఆయన వీధిలో వస్తుంటే తలుపు చాటుకు తప్పుకునే మనిషి. అలాంటిది ఆడవాళ్ళ మధ్యలోంచి, ఆ సన్నటి పదునైన గొంతుతో అంది.

"బావగారూ, తీగ వదలండి."

పెదనాన్న వెనక్కి తిరిగి చూశాడు.

"వదలండి బావగారూ. ఇన్నాళ్ళకు ఆయనకు నా మాట వినపడతంది. అది తెంపారంటే నేనూరుకోను."

పెదనాన్న గుప్పిట విప్పాడు. తీగ తనంతట తాను చుట్టుకుని వెనక్కి పోయింది.

నాన్న ఎత్తుకున్నాడు. మొదటి పాదం ఒక్కడే పాడాడు. గొంతు కాస్త జారింది, మధ్యలో హార్మోనియం వైపు చెవి వంచి సర్దుకున్నాడు. పాదం చివర సాగదీసి, ఎప్పటిలాగే, తర్వాతి మాట అందించాడు. ఆ మాట కోసం ఎన్నాళ్ళనుంచి కాచుకుని ఉన్నారో, ఆడవాళ్ళ వైపు నుంచి పాట ఒక్కసారిగా లేచింది. కూలికి వెళ్ళి వెళ్ళి బొంగురుపోయిన గొంతులు, దగ్గుతో తెగే గొంతులు, అమ్మ గొంతు అన్నిటికంటే పైన. మధ్యలో ఒక కోడి గట్టిగా అరిచింది. అది ఆయన చెవుల్లో ఎంత పెద్దగా పడిందో గాని, అదిరిపడి ఒక చిప్ప పక్కకు జరుపుకుని, నవ్వి, మళ్ళీ అందుకున్నాడు. ఆఖరి చరణం అయింది. అందరం ఆపాము. నాన్న కూడా ఆపాడు. అందరితో పాటే, ఒకే ఊపిరిలో ఆపాడు. పాట బాగా పాడినందుకు కాదు, సరిగ్గా ఆపినందుకు నేను ఆ రోజు కళ్ళు తుడుచుకున్నాను. అడిగినవాళ్ళకు మిరప ఘాటని చెప్పాను.

పెదనాన్న ఒప్పుకున్నాడని చెబితే అబద్ధమవుతుంది. ఆయన చివరిదాకా ఒప్పుకోలేదు. రెండేళ్ళపాటు మా గడప తొక్కలేదు. గుళ్ళో మొదటి బల్ల మీద చేతులు కట్టుకుని, గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. కాని పాట మొదలయ్యాక ఆయన పెదవులు కదిలేవి, అది నేను చూశాను. పాటలెత్తేవాడిగా పెదనాన్న అల్లుడి పేరే ఉండిపోయింది, పాట మాత్రం నాన్నే ఎత్తేవాడు. ఆ కుర్రవాడు నాన్న పక్కన నిలబడి మాట అందించడం నేర్చుకున్నాడు. వాడుకలో ఆ చిప్పల మెత్తలు చిరిగిపోతే, అమ్మ ఇంట్లో పత్తి కూరి, తన పాత చీరలోంచి ఎర్రటి ముక్క కత్తిరించి కుట్టింది. నల్లగుడ్డ ఉంది కదమ్మా, ఎర్రది మరీ ఎబ్బెట్టుగా ఉంటుందేమో అంటే, కనపడితే కనపడనీ అంది. ఆ ఎర్రచిప్పలతోనే నాన్న పెళ్ళిళ్ళకు, చావులకు, పొరుగూళ్ళ సభలకు వెళ్ళాడు. నేను ఆ తర్వాత నాకోసం ఆ నారింజ బిళ్ళల చిన్న జత, ఒక వాక్‌మన్ కొనుక్కుని, బస్సులో అందరి ఎదుటే పెట్టుకున్నాను. టీచరమ్మకు ఈ షోకులేమిటని పక్క సీట్లో గొణుక్కునేవారు. అలా గొణిగినప్పుడల్లా కాస్త చప్పుడు పెంచేదాన్ని.

నాన్న పోయి చాలా కాలమైంది. ఆయన తర్వాత పెదనాన్న అల్లుడు పాటలెత్తాడు, అతని తర్వాత ఎవరూ లేరు. ఇప్పుడు మా చర్చికి స్లాబు పడింది, గోడలు నున్నగా ఉన్నాయి, అటూ ఇటూ మనిషెత్తు స్పీకరు పెట్టెలు, ముందు ఒక తెల్ల తెర, దాని మీద పాటలోని మాటలు వెలుగుతూ వస్తాయి. డ్రమ్ములు, గిటార్లు, అన్నీ ఉన్నాయి. పక్కన నిలబడ్డ మనిషి పాడుతోందో లేదో మాత్రం తెలియదు. నా గొంతు నాకే వినపడదు. ఒక మనిషి గొంతు పట్టుకుని ఊరంతా నడిచే అలవాటు నా కళ్ళముందే మెల్లమెల్లగా పోతోంది. కొత్తవాటి మీద నాకు కోపం లేదు, కోపపడితే మా నాన్నే నన్ను తిడతాడు. కాని మా ఆడవాళ్ళ బల్లల్లో చదువురాని ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళకు ఆ తెర గోడతో సమానం. వాళ్ళు ఊరికే పెదవులు కదుపుతుంటే నాకు కాళ్ళు నిలవవు. అందుకని నేను వాళ్ళ మధ్య నిలబడి, ఉన్నంత గొంతుతో పాదం ఎత్తి, చివర సాగదీసి, తర్వాతి మాట అందిస్తుంటాను. నలుగురైదుగురు అందుకుంటారు. ఈ మధ్య పాటల బృందంలోని అబ్బాయి ఒకడు వచ్చి, ఎంతో మర్యాదగా, ఆంటీ, మీరు ఒక్క క్షణం ఆగి పాడితే బాగుంటుందండీ, మైకుతో కలవడం లేదు అన్నాడు.

మైకునే ఒక్క క్షణం ఆగమను నాయనా అన్నాను.